మన ఊరి మురుగునీరు: మనకు తగిన పద్ధతి ఏది?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం చేయవలసిన పూట మురుగునీటి పురాణం విప్పుతున్నందుకు ముందుగా క్షమించమని కోరుతున్నాను. కార్యదర్శిగారు "నలుగురికీ పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పవయ్యా" అన్నారు. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తా పని చేసికొంటున్నవాడిని, ఇంజనీరును కాను. రైలుపెట్టెల కింద అమర్చే బయో టాయిలెట్ల కాగితాలు నా బల్ల మీదుగా పోతూ ఉండడంవల్ల ఈ విషయంపై ఆసక్తి పుట్టింది. తీరిక వేళల్లో చదివినదీ, కళ్లారా చూచినదీ మీతో మనవి చేస్తాను.

మనలో కొందరి తాతలు తుంగభద్ర కాలువలు వచ్చినప్పుడు కోస్తా జిల్లాలనుండి వచ్చి సిరుగుప్ప వైపు క్యాంపులలో స్థిరపడినవారు. కొందరం బదిలీల మీద వచ్చినవారం. ఎవరం ఎలా వచ్చినా, మనం వాడి వదిలిన నీరు ఎటు పోతున్నదో ఎప్పుడైనా ఆలోచించామా? ఈ జిల్లా వాగులు హగరిలోనో తుంగభద్రలోనో కలుస్తాయి. హగరి కూడా చివరకు తుంగభద్రలోనే చేరుతుంది. ఆ నది మంత్రాలయం మీదుగా కర్నూలుకు పోతుంది. అంటే, ఇక్కడ మనం చేసిన నిర్లక్ష్యం అక్కడ మనవాళ్ల స్నానఘట్టం దగ్గర తేలుతుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశపు పట్టణాలలో రోజుకు సుమారు 7,236 కోట్ల లీటర్ల మురుగునీరు పుడుతున్నది. శుద్ధి చేసేందుకు కట్టిన కేంద్రాల శక్తి 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అయినది 2,023 కోట్ల లీటర్లు. కట్టినదానిలోనే మూడోవంతుకు పైగా ఊరికే పడి ఉన్నదన్నమాట. డబ్బు లేని దేశాలలో అసలు చిక్కు ఇదే. అప్పో సప్పో చేసి కట్టడం ఒక ఎత్తు. ఇరవై ఏళ్లు నడపడం మరొక ఎత్తు.

ఉన్న పద్ధతులు స్థూలంగా చెబుతాను. మొదటిది, మురుగులోకి గాలి ఊది, మాలిన్యాన్ని తినే సూక్ష్మజీవులను పెంచే పద్ధతి. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు దీనిని లోకానికి తెలియజేశారు. దీనికి స్థలం తక్కువ చాలు. నీరూ బాగా తేరుతుంది. కాని గాలిమరలు రాత్రింబగళ్లు తిరగాలి. కరెంటు ఆగితే ఆ జీవులకు ఊపిరాడదు. నేనొక ఊళ్లో ఇటువంటి కేంద్రం చూచాను; పేరు చెప్పను. మరలకు తుప్పు పట్టింది, కాపలాదారు నీడన కునుకు తీస్తున్నాడు. అడిగితే, "బిల్లు కట్టలేదండీ, ఫ్యూజు పీకేశారు" అన్నాడు. మురుగు మాత్రం పక్క కాలువలో నిక్షేపంగా పారుతున్నది.

రెండవది, గాలి తగలనీయకుండా మురుగును అడుగునుండి పైకి పంపే పద్ధతి. దీనిని యూఏఎస్‌బీ అంటారు. 1970లలో హాలెండులో పుట్టినది. 1989లో కాన్పూరులో రోజుకు 50 లక్షల లీటర్లతో ప్రయోగించారు. హైదరాబాదు అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల కేంద్రాన్ని ఈ పద్ధతిమీదే కట్టారు. గాలి ఊదే ఖర్చు లేదు, పైగా గ్యాసు వస్తుంది. అయితే బయటికి వచ్చే నీరు పూర్తిగా శుద్ధి కాదు. దాని తరువాత మరొక మెట్టు తప్పదు.

మూడవది, వరుసగా చెరువులు. మొదటిది లోతైనది, అందులో బురద దిగుతుంది. తరువాతివి లోతు తక్కువ. నాచు ప్రాణవాయువు నిస్తుంది, ఎండ క్రిములను చంపుతుంది, నులిపురుగుల గుడ్లు అడుక్కు చేరతాయి. కరెంటుతో పనే లేదు. బళ్లారి ఎండను మనం ఏడాది పొడుగునా తిట్టుకొంటాం. ఇక్కడ అదే మనకు కూలి అడగని పనివాడు. కాని భూమి చాలా కావాలి. గట్ల వెంట తుంగ పెరగనిస్తే దోమలు చేరతాయి. కలకత్తా తూర్పున ఉన్న చిత్తడి చెరువులలో నగరపు మురుగుతోనే చేపలు పెంచుతున్నారు. 2002లో వాటికి రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది.

నాలుగవది, భూగర్భ మురుగు కాలువలు లేని ఊళ్ల సంగతి. అక్కడ ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. అది నిండితే లారీ తెచ్చి తోడించి, ఏ వాగులోనో గుమ్మరిస్తారు. మన కర్ణాటకలోనే దేవనహళ్లిలో 2015లో అటువంటి లారీల మడ్డిని శుద్ధి చేసే చిన్న కేంద్రం పెట్టారు. కరెంటు లేకుండానే బురద ఆరి, పట్టణపు చెత్తతో కలిసి ఎరువవుతుంది. చిన్న పట్టణానికి ఇది చూచి రావలసిన నమూనా. క్యాంపులవంటి పల్లెలకు జంట గుంతల మరుగుదొడ్డి చాలు. ఒక గుంత నిండితే మూసి, రెండవదానికి మళ్లించి, రెండేళ్లు ఆగితే మొదటిది మట్టివలె ఎరువవుతుంది. అయితే నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. కాలువ పక్కన భూగర్భ జలం పైకే ఉంటుంది. గనుక బావికి దూరంగా, నేల చూచి తవ్వాలి.

మా రైళ్లు నేర్పిన పాఠం ఒకటి చెబుతాను. 2019 నాటికి దాదాపు అన్ని ప్రయాణికుల పెట్టెలకూ బయో టాయిలెట్లు వచ్చాయి. పట్టాల మీద పడే మలం ఆగింది. ఎంతో మేలు. కాని ఒక ప్రయాణికుడు అందులో నీళ్ల సీసా పడవేస్తే చాలు, గొట్టం మూసుకొని పోతుంది. యంత్రం ఎంత మంచిదైనా, వాడేవాడి అలవాటును కూడా లెక్కలో వేసికొనే ఎన్నిక చేయాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. రెండేళ్ల కిందట ఒక ఊళ్లో మ్యాన్‌హోల్ లోంచి ఒకడు పైకి వచ్చి, "అమ్మా, కొంచెం మంచినీళ్లు పొయ్యండి" అన్నాడు. అచ్చమైన మన తెలుగు! ఇంటావిడ చెంబు ఎత్తి పైనుండి దోసిట్లో పోసింది. పక్కన నిలుచున్న నేనూ నోరు మెదపలేదు. ఆనాటినుండి అది నన్ను వదలలేదు. మనవలెనే పొట్టచేత పట్టుకొని వచ్చిన తెలుగువాడు. మన సంఘం చందా పుస్తకం మాత్రం అతని గుమ్మం తొక్కలేదు. కోలారు బంగారు గనులలో తెలుగు కుటుంబంలోనే పుట్టిన బెజవాడ విల్సన్‌గారు ఈ పని మాన్పించడానికే జీవితం ధారపోసి 2016లో మెగసెసే బహుమతి అందుకొన్నారు. 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని మురుగులో దింపరాదన్నది. అలా దిగి మరణించినవారి కుటుంబానికి ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచింది. పరిహారం పుచ్చుకొన్న ఇంటికి మనిషి తిరిగి రాడు గదా!

కాబట్టి మన వార్డులో కొత్త కేంద్రం మాట వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఇరవై ఏళ్లపాటు కరెంటు బిల్లు ఎవరు కడతారు? చెడితే బాగుచేసేవాడు ఈ జిల్లాలో ఉన్నాడా? శుద్ధి అయిన నీరు, మిగిలిన బురద ఎక్కడికి పోతాయి? దీనికోసం ఏ మనిషైనా లోపలికి దిగవలసి వస్తుందా? నాలుగింటికీ తిన్నగా జవాబు చెప్పగల పద్ధతే మనకు తగినది, పేరు పాతదైనా సరే.

మరొక్క మనవి. వచ్చే ఉగాదికి ఆ కార్మిక కుటుంబాలను పిలుద్దాం. పచ్చడి ఒకే గిన్నెలోనుండి పంచుకొందాం. పిలిచే బాధ్యత నాకు అప్పగించండి. చందా పుస్తకం పట్టుకొని నేనే వెళ్లివస్తాను.