నూట ఒక్క మాత్రలు

పట్టాలు పుచ్చుకున్న పిల్లలూ, ఇక మిమ్మల్ని డాక్టరు గారూ అనే పిలవాలి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఓ ముసలాయన మందుల చీటీ పట్టుకుని వెనక్కొచ్చాడు. "నూట ఒక్క మాత్రలు ఎట్లా మింగేది బాబూ?" అన్నాడు. నేను రాసింది 1-0-1. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ చీటీ ఆయన భాషలో లేదు మరి.

ఇంగ్లీషు వద్దని చెప్పడానికి నేను రాలేదు. మీరు చదివిన పుస్తకాలన్నీ అందులోవే. కానీ ఆ భాష బాగా వచ్చినవాళ్లు సొంత భాషను ఏం చేస్తున్నారో చూడండి. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షలు దాటదు. వీధిలో ఎవరిని పలకరించినా ఇంగ్లీషులో జవాబిస్తారు. అయినా కంప్యూటరుకు 'తోల్వా' అని పేరు పెట్టుకున్నారు. అంకెకున్న మాటనూ, ఎరుక చెప్పే ఆవిడకున్న పాత మాటనూ కలిపి ముడేశారు. అంకెలతో సోదె చెప్పే మనిషన్నమాట! ఎయిడ్స్ వచ్చినప్పుడు, 'నాశనం చేయడం' అనే క్రియలోంచి దాన్ని పోలిన ధ్వనితో 'ఎయ్‌ద్ని' పుట్టించారు. రోగం పేరు రోగికి అర్థం కావాలన్న పట్టుదల అది.

నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్ల ఇంగ్లీషు సీరియళ్లను డబ్ చేయరు, కింద అక్షరాలు వేసి చూస్తారు. చెవి అలా తయారవుతుంది. బడి మాత్రం చాలావరకు డచ్‌లోనే మొదలవుతుంది. దీనికి భిన్నంగా రువాండా 2008లో ఫ్రెంచి మాధ్యమాన్ని వదిలి ఇంగ్లీషుకు మళ్లాలని నిర్ణయించింది. పాపం, అక్కడ పంతుళ్లే ముందు ఆ భాష నేర్చుకోవలసి వచ్చింది.

మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలనుకుని, ముందు తాను సవర నేర్చుకున్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులోనే ఉంది. ఇంగ్లీషును ఎందుకు వాడుకోవాలో ఆయనకు తెలుసు.

మీలో కొందరికి సీతంపేటలోనో పాడేరులోనో పోస్టింగు వస్తుంది. అక్కడ కొన్ని గూడేల్లో తెలుగు కూడా చాలదు. "నొప్పి ఎక్కడ? ఎన్నాళ్లనుంచి?" అన్న రెండు ప్రశ్నలైనా ఆశా కార్యకర్తను అడిగి ఆ గూడెం భాషలో నేర్చుకోండి. మిగతాచోట్ల 1-0-1 పక్కన 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని తెలుగులో రాయండి. రేపటి చీటీతోనే మొదలుపెట్టండి.