బుక్రా అంటే ఎప్పుడు?

(అల్ ముంతజాలో జరిగిన సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగం)

హారతి అయ్యాక ప్రసాదం తింటూ మనం చెప్పుకునేవి ఏమిటి? ఏసీ చల్లబడట్లేదు, సింకు కింద నీళ్లు కారుతున్నాయి, కొన్న నెలకే మిక్సీ ఆగిపోయింది, ఓటీపీ రావట్లేదు. చివరికి అందరిదీ ఒకటే మాట: "పరాయి దేశం, ఎందుకొచ్చిన గొడవ!" పెరిగిన ధరలకన్నా ఈ మాటే మన చేత ఎక్కువ ఖర్చు పెట్టిస్తోందని నా అభిప్రాయం.

ధరలు మన చేతిలో లేవు. ఇక్కడ తినేవాటిలో చాలా భాగం బయటినుంచి రావాల్సిందే. 2017 జూన్‌లో సౌదీ సరిహద్దు మూసినప్పుడు పాలకోసం పడ్డ హడావుడి అప్పుడున్నవాళ్లు మరిచిపోరు. ఆ తర్వాతే బలద్‌నా ఆవులు విమానాల్లో దిగాయి. రూపాయి పడితే ఊరికి పంపేది పెరిగిందని సంతోషిస్తాం. కానీ ఇక్కడి అద్దె, కిరాణా రియాళ్లలోనే కదా! మారకం రేటు చూసి ఇక్కడి ఖర్చు పెంచుకోకండి.

మరమ్మతులు అలా కాదు. 2008 నాటి 4వ నంబరు అద్దె చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఇంటిని నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత యజమానిదే. వాచ్‌మన్‌కు చెబితే "బుక్రా" అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ఫొటో తీసి, తేదీ వేసి, రాతపూర్వకంగా యజమానికి పంపండి. జులైలో ఏసీ ఆగితే అది చిన్న ఇబ్బంది కాదు. ఇంట్లో పసిపిల్లలు, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు. రాసినా కదలకపోతే అద్దె వివాదాల కమిటీ ఉంది. మీ ఒప్పందం రిజిస్టరు అయిందో లేదో ఈ వారమే చూసుకోండి.

వస్తువులకూ అంతే. 2008లోనే వచ్చిన 8వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువును మార్చమనే, డబ్బు తిరిగి అడిగే హక్కు ఇచ్చింది. రసీదు దాచండి. దుకాణం వినకపోతే వాణిజ్య మంత్రిత్వ శాఖ నంబరు 16001.

ఇక ఫోన్ల బాధ. ఇండియా సిమ్ము రీచార్జి చేయక ఆగిపోతే ఓటీపీ రాదు, ఇక్కడినుంచి నాన్నగారి మందుల బిల్లు కట్టలేం. ఎన్నారై ఖాతాలున్నవాళ్లు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునేలా 2023 జనవరిలో పది దేశాలకు వీలు కల్పించారు. అందులో ఖతార్ ఉంది. మీ బ్యాంకులో ఆ సౌకర్యం ఉందేమో అడగండి.

కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఇవన్నీ తెలియవు. భాష రాక, భయపడి, యజమాని పెట్టాల్సిన ఖర్చు తామే పెట్టుకుంటారు. ఇంగ్లీషు, అరబీ రాయగల మన పిల్లలు వాళ్లకు ఒక్క ఉత్తరం రాసిపెడితే అదీ సేవే.

దేవుణ్ణి అడగడానికి మనం మొహమాటపడం. న్యాయంగా రావాల్సింది మనిషిని అడగడానికి ఎందుకు మొహమాటం? మర్యాదగా అడుగుదాం, రాసి అడుగుదాం.