పోయిన ప్రాణిని తిరిగి పిలవవచ్చా?

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"పిల్లలు కూడా వింటారు, కాస్త ఆసక్తిగా ఉండే విషయం చెప్పండి" అని సంఘం కార్యదర్శి గారు నన్ను అడిగారు. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పరిణామం పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడాదీ వెనక బెంచీ నుంచి ఒకే ప్రశ్న వచ్చేది: "సార్, డైనోసార్‌ని మళ్లీ పుట్టించొచ్చా?" ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

డైనోసార్ల మాటకు జవాబు తేలిక. పుట్టించలేం. జీవి చనిపోయాక దాని డీఎన్‌ఏ ముక్కలైపోతూ ఉంటుంది. గడ్డకట్టిన నేలలో దొరికితే కొంతకాలం నిలుస్తుంది. గ్రీన్‌లాండ్ మట్టిలో సుమారు 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏను శాస్త్రవేత్తలు చదివారని 2022లో వార్త వచ్చింది. డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్లయింది. కాబట్టి అవి సినిమాకే పరిమితం.

ఈమధ్య కాలంలో పోయినవాటి సంగతి వేరు. స్పెయిన్ కొండల్లో బుకార్డో అనే అడవి మేక జాతి ఉండేది. దానిలో చివరి ఆడమేక మీద 2000 జనవరిలో చెట్టు విరిగిపడింది. జాతి అంతరించింది. అయితే అంతకుముందే దాని చెవి నుంచి చిన్న ముక్క తీసి గడ్డకట్టించి దాచారు. మామూలు మేక అండంలోని కేంద్రకాన్ని తీసేసి, ఆ స్థానంలో బుకార్డో కణాన్ని చేర్చారు. డాలీ గొర్రెను పుట్టించిన పద్ధతే ఇది. అలా తయారైన పిండాలను యాభైకి పైగా తల్లుల గర్భాల్లో పెడితే, 2003లో ఒక్క పిల్ల పుట్టింది. ఊపిరితిత్తుల్లో లోపం ఉండటంతో కొద్ది నిమిషాలకే చనిపోయింది. ఒకే జాతి రెండుసార్లు అంతరించడం అదే మొదటిసారి. ఒకవేళ ఆ పిల్ల బతికినా, దానికి జోడీగా ఒక్క మగ బుకార్డో కూడా భూమి మీద లేదు.

2025 ఏప్రిల్‌లో మరో సంచలనం. పదివేల ఏళ్లకు పైనే అంతరించిన 'డైర్ ఉల్ఫ్' అనే పెద్ద తోడేలును తిరిగి తెచ్చామని అమెరికాలోని కొలోసల్ అనే సంస్థ ప్రకటించింది. మూడు తెల్లటి పిల్లల ఫోటోలు మీ వాట్సాప్‌లలోకి కూడా వచ్చే ఉంటాయి. జరిగింది ఏమిటంటే, ఇప్పటి బూడిదరంగు తోడేలు కణాల్లో 14 జన్యువుల్లో 20 మార్పులు చేసి, పెంపుడు కుక్కల కడుపున పెంచారు. ఆ రెండు జాతుల మధ్య తేడాలు ఇరవైతో ఆగవు. అందుకే వాటిని మార్పు చేసిన బూడిదరంగు తోడేళ్లు అనడమే సరైనదని చాలామంది శాస్త్రజ్ఞులు అన్నారు. నా మాటా అదే. నెమలి ఈకలు పెట్టుకున్నంత మాత్రాన కాకి నెమలి అయిపోదు.

అదే సంస్థ మామత్‌ను, అంటే మంచుయుగపు ఉన్ని ఏనుగును కూడా తెస్తామంటోంది. ఇలాంటి మాట ఎవరు చెప్పినా మనం అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. పిల్లలూ, ఇవి నోట్సులో రాసుకోండి.

ఒకటి, ఏ తల్లి కడుపున? ఉన్ని ఏనుగుకు దగ్గర బంధువు మన ఆసియా ఏనుగు. దాని గర్భం సుమారు 22 నెలలు. బుకార్డో విషయంలో చూశాం కదా, ఎన్ని గర్భాలు వృథా అయ్యాయో! ఆసియా ఏనుగే అంతరించే ప్రమాదంలో ఉంది. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవుల దగ్గర, పార్వతీపురం మన్యం వైపు పొలాల్లోకి వచ్చి కరెంటు తగిలి ఏనుగులు చనిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఉన్న ఏనుగునే కాపాడలేక సతమతమవుతున్న మనం, లేని ఏనుగు కోసం దాని కడుపును అద్దెకు అడగడం న్యాయమేనా? కృత్రిమ గర్భాశయం తయారుచేస్తామని వాళ్లు అంటున్నారు. ఏనుగుకు పనికొచ్చే గర్భాశయం ఇంతవరకు ఎక్కడా తయారుకాలేదు.

రెండు, ఏ నేల మీద? జంతువుకు డీఎన్‌ఏ ఒక్కటే చాలదు. గున్న ఏనుగు ఏ నీరు తాగాలో, ఏ ఎండకు ఎటు నడవాలో మందను నడిపించే పెద్ద ఏనుగు దగ్గర నేర్చుకుంటుంది. ప్రయోగశాలలో పుట్టిన ఉన్ని ఏనుగుకు నేర్పేది ఎవరు? అది తిరిగిన గడ్డి మైదానాలు కూడా ఇప్పుడు అలా లేవు.

మూడు, పూచీ ఎవరిది? పుట్టించిన సంస్థ పదేళ్ల తర్వాత మూతపడితే ఆ ప్రాణి ఏమవుతుంది? అడవిలోకి వదిలాక పంట తొక్కితే రైతుకు ఎవరు జవాబు చెబుతారు?

అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి. "మనిషి వేటాడి, అడవులు నరికి చంపిన జాతులివి. ఆ పాపం కడుక్కోవాల్సింది మనిషే" అంటారు. ఆ మాటలో నిజాయితీ ఉంది. అమెరికాలో ఒకప్పుడు కోట్లలో ఎగిరిన పాసెంజర్ పావురాల్లో చివరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. దాని గురించి చదివితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఈ పరిశోధనల్లో పుట్టే విద్యలు బతికున్న జాతులకు పనికొస్తాయని కూడా అంటారు. అదీ నిజమే. నల్లకాళ్ల ఫెర్రెట్ అని అమెరికాలో ముంగిస లాంటి చిన్న జంతువు ఉంది. ఇప్పుడున్నవి దాదాపు అన్నీ ఏడింటి సంతానమే కాబట్టి రక్తంలో వైవిధ్యం లేదు. 1988లో దాచిన ఒక ఫెర్రెట్ కణాల నుంచి 2020లో క్లోన్‌ను పుట్టించారు. దాంతో ఆ జాతిలోకి కొత్త రక్తం వచ్చే దారి దొరికింది. ఇలాంటి పనికి నేను రెండు చేతులా మద్దతిస్తాను. ఇక్కడ తల్లి ఉంది, నేల ఉంది, నేర్పే తోటి జీవులున్నాయి.

మన హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. సుమారు పాతికేళ్ల క్రితం సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారి ఆధ్వర్యంలో చీతాను క్లోనింగ్‌తో తేవాలని ఆలోచన చేశారు. ఆసియా చీతాలు మిగిలింది ఇరాన్‌లోనే. ఇరాన్ ఒప్పుకోలేదు. చివరికి 2022లో నమీబియా నుంచి 8, 2023లో దక్షిణాఫ్రికా నుంచి 12 ఆఫ్రికా చీతాలను కునోకు తెచ్చారు. అవి బతికున్న జంతువులే, అడవి తెలిసినవే. అయినా కొన్ని చనిపోయాయి, కొన్ని పిల్లల్ని కన్నాయి, కొన్ని హద్దులు దాటి ఊళ్ల వైపు వెళ్లాయి. సిద్ధంగా ఉన్న జంతువుకే చోటు చూపడం ఇంత కష్టమైనప్పుడు, ప్రయోగశాల బిడ్డకు ఎంత కష్టమో ఊహించండి. అదే సీసీఎంబీ అత్తాపూర్‌లోని తన కేంద్రంలో అంతరించే ప్రమాదమున్న జాతుల కణాలను దాస్తోంది. జూ వాళ్లతో కలిసి మూషిక జింకల సంఖ్య పెంచి, అమ్రాబాద్ అడవిలో వదిలే పనిలోనూ పాలుపంచుకుంది. పేపర్లలో పెద్దగా కనిపించని ఈ పనే నా దృష్టిలో గొప్ప పని.

నా వయసువాళ్లు ఒకసారి గుర్తుచేసుకోండి. మన చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిందంటే రాబందులు గుంపులుగా దిగేవి. ఇప్పుడు ఈ పిల్లల్లో ఒక్కరూ రాబందును చూసి ఉండరు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. నూటికి తొంభై అయిదుకు పైగా పోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. కారణం తెలిసింది, మందు ఆపాం, కొన్ని మిగిలాయి. వాటిని పెంచుకోవడానికి అవకాశం ఇంకా ఉంది.

కలివి కోడి కథ కూడా వినండి. సుమారు 1900 నుంచి ఎవరికీ కనబడక, పోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో, స్థానిక వేటగాళ్ల సాయంతో బీఎన్‌హెచ్‌ఎస్ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని మళ్లీ కనుగొన్నారు. దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది. ఆ పిట్టను ఏ ప్రయోగశాలా తయారుచేయలేదు. దాని ముళ్లపొదలు మిగిలాయి కాబట్టే అది మిగిలింది.

నా భయమల్లా ఒక్కటే. "పోతే పోనీ, తర్వాత తెచ్చుకోవచ్చు" అనే ధీమా మనలో పెరిగితే, ఇవాళ ముళ్లపొదను కొట్టేసే చేతికి అడ్డు ఉండదు. కాబట్టి నా జవాబు ఇది: పూర్తిగా పోయినదాన్ని ప్రదర్శన కోసం తేవద్దు. పోబోతున్నదాన్ని నిలబెట్టడానికి ఆ విద్యనంతా వాడదాం.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో కొద్ది మొత్తంతో మన సైన్సు ల్యాబులో ఒక రిజిస్టరు, రెండు బైనాక్యులర్లు పెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా బడి ఆవరణలో, చెరువు గట్టున చూసిన పక్షుల, జంతువుల పేర్లు తేదీతో సహా రాయాలి. మొదటి పేజీలు మాత్రం మనం రాద్దాం, మనం ఇక్కడ చదివినప్పుడు ఏవేవి ఉండేవో. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తగ్గిందో పిల్లలకే తెలుస్తుంది. నా వంతుగా మొదటి బైనాక్యులర్ నేను తెచ్చాను, సైన్సు మాస్టారికి ఇప్పుడే అందజేస్తున్నాను.