విమానపు టైరు



విమానము పోవుచుండగా తలయెత్తి చూడనివారు లేరు. దాని రెక్కలను గూర్చియు వేగమును గూర్చియు ముచ్చటించుదుము. దాని టైరును దలంచువా రరుదు. భారతమున కర్ణునంతటి వీరుని రథచక్రము భూమిలో గ్రుంగెను. ఎంత విద్య యున్నను నేలతో పొత్తు చక్రమునకే గదా!

1903లో రైటు సోదరులు నడపిన తొలి విమానమునకు టైర్లు లేవు. అది చెక్కకమ్ములపై జారుచు దిగెను. అంతకు మున్నే, 1888లో, డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిటైరు నమర్చియుండెను. పిల్లవాని బండికై పుట్టిన యా యుపాయమే పిదప విమానములను మోసినది.

కారు చక్రమును ఇంజను త్రిప్పును. విమానపు చక్రమును త్రిప్పదు. కదలక యున్న టైరు, గంటకు 200 కిలోమీటర్లు మించిన వేగముతో నేలను తాకి, రెప్పపాటులో ఆ వేగము నందుకొనవలెను. అప్పుడు లేచు పొగ, కాలిన రబ్బరుదే. కారు టైరులో చదరపు అంగుళమునకు సుమారు 30 పౌనుల యొత్తిడి యుండగా, పెద్ద విమానపు టైరులో సుమారు 200 పౌనులుండును. అందు నింపునది నత్రజని. మామూలు గాలిలోని ఆమ్లజని, వేడెక్కిన రబ్బరుతో కలసి మండవచ్చును. 1986 మార్చి 31న మెక్సికోలో, మామూలు గాలి నింపిన టైరు బ్రేకు వేడికి ప్రేలి, 167 మంది మరణించిరి. 2000 జూలై 25న పారిసులో, వేరొక విమానమునుండి రాలిన మూరెడు లోహపుపట్టీ కాంకర్డు టైరును చీల్చెను. ఆ ముక్క యెగిరి ఇంధనపు తొట్టిని తాకెను. 113 మంది అసువులు బాసిరి.

ఇవి దూరదేశపు కథలని త్రోసివేయరాదు. అద్దంకి సమీపమున 16వ జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు బాట గలదు. 2024 మార్చి 18న ఆంటొనోవ్, డోర్నియర్ రవాణా విమానములు దానిపై దిగి మరల లేచినవి. యుద్ధకాలమునకే కాదు, ప్రకృతి వైపరీత్యములందు సాయము చేర్చుటకును అది యుద్దేశింపబడినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను రేపల్లె, బాపట్ల తీరములవారికి వేరుగ చెప్పనేల?

విమానములు దిగని దినములలో ఆ బాట లారీలది, బండ్లది, మనది. ఆగిన లారీ చక్రము క్రింద పెట్టిన రాతిని తీయకయే పోవుట మన మెరుగుదుము. ఊడిన మరను, తెగిన కమ్మిని ఎవ్వరును ఏరరు. విమానము దిగుటకు ముందు సిబ్బంది బాటను శుభ్రపరతురు, నిజమే. కాని యాపద గడువిచ్చి రాదు. మనము పెట్టిన రాతిని మనమే తీసిన, వారికి మిగులు గడియ వరదలో చిక్కిన వానికి ప్రాణమగును.