ఉత్సాహం తగ్గినా పని ఆగరాదు

(వరంగల్‌లో జరిగిన సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నో ఆలోచనలతో సమాజ సేవకు వచ్చామని, ఇప్పుడు కొత్త ఆలోచన ఏది విన్నా ఉత్సాహం కలగడం లేదని మన కార్యకర్తలు తరచుగా అంటున్నారు. ఈ విషయమై కొద్దిసేపు మాట్లాడదలచాము.

2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు మనలో ఎంతో కదలిక కలిగింది. గ్రంథాలయం పెడదామని, కుట్టు శిక్షణ కేంద్రం తెరుద్దామని తీర్మానించుకున్నాము. ప్రారంభోత్సవానికి కిక్కిరిసిన జనం మూడో నెల సమీక్షకు రాలేదు. కొత్తదనం ఇచ్చే సంతోషం కొంతకాలమే ఉంటుంది. అది తరగడం సహజం. ఆ తరువాత ఏమి చేస్తామన్నదే ప్రశ్న.

మన రిజర్వేషన్ల చరిత్రనే చూడండి. 2004లో 5 శాతం ఉత్తర్వు వచ్చింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో తెచ్చిన చట్టమూ నిలవలేదు. అప్పుడు నినాదాలతో పని జరగలేదు. ఉద్యోగ విరమణ చేసిన ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ ముస్లింలలోని వెనుకబడిన వర్గాలను ఒక్కొక్కటిగా పరిశీలించి నివేదిక ఇచ్చారు. అత్తరు సాయిబులు, తురక కాశలు, ధోబీలు, ఖురేషీలు, షేకులు మొదలైన 14 వర్గాలకు 2007లో 4 శాతం లభించింది. 2010లో హైకోర్టు దానినీ కొట్టివేయగా, అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. మన పిల్లలు నేడు బీసీ-ఇ కింద పొందుతున్న సీట్ల వెనుక విసుగెరుగని కాగితాల శ్రమ ఉన్నది.

అయితే చట్టంలోని హక్కు దానంతట అది ఇంటికి నడిచి రాదు. బడి రికార్డులో 'ఎండీ' అని, ఆధార్‌లో 'మహమ్మద్' అని ఉంటుంది. తండ్రి పేరులో 'షేక్' ముందుంటుంది, బిడ్డ పేరులో అసలే ఉండదు. కుల ధ్రువపత్రం లేదు, ఆదాయ పత్రం గడువు దాటింది. కౌన్సెలింగ్ రోజు వస్తుంది, వెళ్ళిపోతుంది. మండీబజారులో గాని, చార్‌బౌళిలో గాని, కాజీపేటలో గాని సీటు పోగొట్టుకున్న విద్యార్థి ఇంట్లో అడిగితే తెలుస్తుంది, ఆ బిడ్డకు తెలివి కొదువ కాదు, సమయానికి ఒక కాగితం కొదువ అని.

కొంతకాలంగా మేము కొందరం అసర్ నమాజు తరువాత కూర్చుని దరఖాస్తులు నింపుతున్నాము. ఇందులో కొత్తదనం లేదు. నిన్న చేసినదే నేడూ చేస్తాము. కాని దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో, ఎవరిని అడిగితే కదులుతుందో ఆఫీసుల్లో జీవితం గడిపిన మావంటివారికి తెలుసు. ధ్రువపత్రం చేతికందిన అమ్మాయి దానిని చూసుకొని ఓణీ కొంగులో భద్రపరచుకున్నప్పుడు కలిగే తృప్తి మాకు ఏ సభలోనూ కలగలేదు.

కాబట్టి మా మనవి ఇది. ప్రతి మసీదు పరిధిలో ఇద్దరు ముందుకు రండి. విశ్రాంత ఉపాధ్యాయులు, గుమాస్తాలు, కాజీపేట రైల్వే ఉద్యోగులు వారానికి రెండు గంటలు కేటాయించండి. చదువుకున్న అమ్మాయిలను తప్పక చేర్చుకోండి. తల్లులు వారితోనే మనసు విప్పి చెప్పుకొంటారు. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు వచ్చారు, ఏ కాగితం కావాలి, ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, పని అయిందా లేదా అన్నవి రాయండి. కాని పని ఎదుట గుర్తు పెట్టి, మరుసటి వారం మళ్ళీ అడగండి.

యువకులు కొత్త ఆలోచనలతో వస్తే ఆహ్వానిద్దాము. వారికి ముందుగా ఈ పుస్తకాన్ని చూపిద్దాము. మన అవసరాలేమిటో ఇందులోనే కనిపిస్తాయి. అలసినవారు విశ్రమించవచ్చు, తమ పుస్తకాన్ని మరొకరి చేతికి అప్పగించి విశ్రమించాలి.

చిన్నదైనా నిలకడగా చేసే పనికి మన ధర్మంలో గొప్ప విలువ ఉన్నది. అటువంటి నిలకడను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.