పరికరములకు పేరిడు పద్ధతి



దూరదర్శన్ వారి ఉచిత ఉపగ్రహ ప్రసారము 2004 డిసెంబరులో ఆరంభమైనది. నెలసరి రుసుము లేని ఆ ప్రసారమునే నేడు ఫ్రీ డిష్ అందుము. 2020లో బడులు మూతపడినప్పుడు పెక్కుమంది పిల్లలకు పాఠములు టెలివిజను ద్వారానే అందినవి. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములందలి యొక గ్రంథాలయమువారు అట్టి పాఠములను కంప్యూటరులో నిలువచేసి పిల్లలకు చూపదలచిరనుకొందము. అందులకు కంప్యూటరునకు టెలివిజను కార్డును చేర్చవలెను. అంతమాత్రమున పని తీరదు. కార్డునకు పేరు కావలెను. ఆ పేరు ఎట్లు పుట్టునో మనవిచేసెదను.

లైనక్సు అను కంప్యూటరు వ్యవస్థను ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించెను. అది ఎల్లరకును ఉచితము. అందు పరికరములకు డెవ్ అను అరలో పేర్లుండును, వానిని నోడులందురు. నోడు పరికరము కాదు. పరికరపు జాతిని తెలుపు సంఖ్యయు, ఆ జాతిలో ఏదియో తెలుపు సంఖ్యయు గల చిరునామా మాత్రమే. డిజిటల్ టెలివిజను జాతిసంఖ్య 212. మొదటి కార్డునకు ఎడాప్టరు 0 అని పేరు. దానిక్రింద సంకేతమును పట్టు ఫ్రంటెండు, కలసివచ్చిన కార్యక్రమములను వేరుపరచు డీమక్సు, నిలువచేయుటకు వలయు ప్రవాహమునిచ్చు డీవీఆర్ ఉండును.

పూర్వము ఉన్న పరికరములకును లేని పరికరములకును ముందుగానే పేర్లు వ్రాసియుంచెడివారు. నేను చిరకాలము బడిలో హాజరుపట్టీ వ్రాసినవాడను. ఊరిలో పుట్టబోవు పిల్లల పేర్లన్నియు పట్టీకెక్కించినచో, ఎవరున్నారో తెలియుటెట్లు? 2003లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ యూడెవ్ అను ఏర్పాటును వెలువరించి ఈ చిక్కు తీర్చెను. కార్డు చేరగానే లైనక్సునకు మూలమైన కెర్నెలు చాటింపు వేయును. యూడెవ్ విని, నియమములను చూచి, పేరు వ్రాయును. కార్డు తీసినచో, మన మార్కాపురపు పలకమీది అక్షరమువలె, ఆ పేరు చెరిగిపోవును. 2009లో వచ్చిన మార్పుచే నోడును కెర్నెలే సృజింపజొచ్చెను. అయినను, దానిని ఎవరు వాడవచ్చునో నిర్ణయించుటయు, మారుపేర్లిడుటయు యూడెవ్ పనులే.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది హక్కు. టెలివిజను నోడులు సాధారణముగా వీడియో అను వర్గమున కప్పగింపబడును. పాఠములు నిలువచేయువానిని ఆ వర్గమున చేర్చిన చాలును. కంప్యూటరుపై సర్వాధికారము ఈయనక్కరలేదు.

రెండవది వరుస. కార్డులు రెండున్నచో, ముందుగా గుర్తింపబడినది 0, తరువాతిది 1 అగును. మరునాడు కంప్యూటరును తెరచునప్పటికి ఈ వరుస తారుమారు కావచ్చును. డిష్షు తీగ ఒక కార్డున నుండగా, పాఠము నిలువచేయు ఏర్పాటు రెండవదానికై చూచుచుండును. పాఠము దక్కదు, సాయంకాలము పిల్లలు వచ్చి కూర్చున్నదాక ఆ సంగతి తెలియదు. బడిలో ఒకే పేరుగల పిల్లలిద్దరున్నచో ఇంటిపేరుతో పిలుతుము గాని, వచ్చిన వరుసనుబట్టి పేరు మార్చము. అట్లే కార్డు క్రమసంఖ్యనుబట్టి గాని, అది అమరిన చోటునుబట్టి గాని స్థిరమైన మారుపేరిడు నియమమును యూడెవ్‌నకు వ్రాసియీయవచ్చును.

కావున మీ గ్రామమున ఇట్టి యంత్రమును నెలకొల్పు యువకులను రెండు ప్రశ్నలడుగుడు: దీనిని వాడు హక్కు ఎవరికిచ్చితిరి? రేపును దీని పేరు ఇదియేనా? సరియైన బదులు దొరకినచో, పిల్లల పాఠము దక్కును.