కట్టకుండా ఉంచిన నేల: గోద్రెజ్ కుటుంబం, విఖ్రోలి మడ అడవి



ఎవరి పేరున ఈ ఉపన్యాసం పెట్టుకున్నామో ఆ మాస్టారు జీవితమంతా వర్క్‌షాపులోనే గడిపారు. లేత్ దగ్గర నిలబడ్డ ప్రతి కుర్రాణ్ణీ ఆయన ఒకటే అడిగేవారట: "ఒరేయ్, పీసు బాగానే వచ్చింది. ఈ వాడేసిన ఆయిలు ఎక్కడ పారబోస్తావు?" దానికి జవాబు చెప్పలేనివాడికి, కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నా పూర్తి మార్కులు పడేవి కావట. ఆయన శిష్యులు ఈ సంగతి చెప్పినప్పుడు నా ఉపన్యాసానికి విషయం దొరికింది. ఫ్యాక్టరీ నడిపే మనిషి తన సరుకుకే కాక, ఆ సరుకు తయారైన నేలకూ నీటికీ పూచీ పడాలన్నది మాస్టారి పట్టుదల. ఆ పూచీని నాలుగు తరాలుగా, లోపాలతో సహా, మోస్తూ వచ్చిన ఒక కుటుంబం గురించి మాట్లాడతాను. ఆ కుటుంబం పేరు మీ అందరి ఇళ్ళల్లోనూ ఉంది. ఇనప బీరువా ఏ కంపెనీదైనా మనవాళ్ళు దాన్ని గోద్రెజ్ బీరువా అనే అంటారు.

అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయి పార్సీ. చదివింది న్యాయశాస్త్రం. కేసు వాదించడానికి జాంజిబార్ వెళ్ళి, తన పక్షం వాదనలో నిజం లేదనిపించాక దాన్ని సమర్థించడానికి మనసొప్పక వకీలు వృత్తే వదిలేశారు. తర్వాత శస్త్రచికిత్స పనిముట్లు చేశారు. సరుకు నచ్చిన కొనుగోలుదారు, వాటి మీద భారతదేశంలో తయారైనట్టు ముద్ర ఉండటానికి మాత్రం ఒప్పుకోలేదు. ముద్ర తీసేది లేదన్నారు అర్దేశిర్. ఆ వ్యాపారం అక్కడితో ఆగిపోయింది. 1897లో లాల్‌బాగ్‌లో ఒక చిన్న షెడ్డు వేసి తాళాలు చేయడం మొదలుపెట్టారు. తమ్ముడు పిరోజ్‌షా తర్వాత వచ్చి కలిశారు.

తాళం చిత్రమైన వస్తువు. కొన్నవాడు దాన్ని విప్పి లోపల చూడడు. చేసినవాడి మాట నమ్మి తన సర్వస్వం దానికి అప్పగిస్తాడు. దొంగ వచ్చిన రోజున గానీ చేసినవాడి నిజాయితీ తేలదు. అర్దేశిర్ మొదటి వ్యాపారం ఇలాంటి వస్తువు కావడం ఆ సంస్థ తీరును చాలావరకు నిర్ణయించిందని నేననుకుంటాను. ఆయన రెండో వ్యాపారం సబ్బు. అప్పట్లో సబ్బుకు జంతువుల కొవ్వు వాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో ఆయన ఆ కొవ్వు బదులు చెట్ల గింజల నూనెతో సబ్బు తయారుచేశారు. తిలక్ స్వరాజ్య నిధికి 3 లక్షల రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. అయితే నేను ముఖ్యంగా చెప్పదలచింది దానాల గురించి కాదు కాబట్టి ఇక విఖ్రోలికి వెళ్దాం.

1943లో పిరోజ్‌షా బొంబాయి శివారు విఖ్రోలిలో కోర్టు వేలంలో భూమి కొన్నారు. తర్వాత మరికొంత చేరింది. అంతా కలిపి వేల ఎకరాలు. ఒక పక్క గట్టి నేల, గుట్టలు. తూర్పున ఠాణే క్రీక్ ఒడ్డు పొడుగునా బురద, ఉప్పునీరు, మడ చెట్లు. గట్టి నేల మీద ఫ్యాక్టరీలు లేచాయి. స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలకు ఉక్కు బ్యాలెట్ పెట్టెలు లక్షల లెక్కన తయారైంది అక్కడే. కార్మికులకు ఇళ్ళు కట్టారు. 1955లో వాళ్ళ పిల్లల కోసం ఉదయాచల్ బడి పెట్టారు. తర్వాత ఆసుపత్రి వచ్చింది. ఇదంతా వింటే స్వర్గంలా అనిపించవచ్చు. కానీ అక్కడా 1972లో కార్మిక ఆందోళన హింసదాకా వెళ్ళింది. యజమాని ఎంత మంచివాడైనా కార్మికుడికి తన గొంతు తనకు కావాలి. ఇల్లు ఇచ్చాం, బడి ఇచ్చాం, ఇంకేం కావాలి అనే మాట ఏ యజమాని నోటా రాకూడదు.

విఖ్రోలి మీదుగా పోయే హైవేకి తూర్పున ఉన్న బురదను మాత్రం పూడ్చలేదు. సుమారు 1,750 ఎకరాల మడ అడవి ఈనాటికీ అక్కడే ఉంది. నా ఉపన్యాసానికి కేంద్రం ఈ ఒక్క వాక్యం.

కోరింగ మడ అడవి పక్కన, ఈ కాకినాడలో పుట్టినవాళ్ళకు మడ చెట్టు గురించి చెప్పడం సాహసమే. అయినా మన పిల్లల్లో సగం మంది దాన్ని దగ్గరగా చూసి ఉండరు కాబట్టి చెబుతాను. విఖ్రోలిలో ఎక్కువగా కనిపించేది మనం తెల్ల మడ అనే చెట్టే. పాటు సమయంలో, నీళ్ళు తీసినప్పుడు వెళ్తే, చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిలంత లావు వేళ్ళు నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు. అందుకే చెట్టు వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఆకు తెంపి వెనక్కి తిప్పి నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. వేరు వడకట్టగా లోపలికి వచ్చిన ఉప్పును ఆకు బయటికి తోసేస్తుంది. ఉప్పుపొన్న దగ్గరకు వస్తే, దాని విత్తనం తల్లి చెట్టు మీదే మొలకెత్తి పొడవాటి కాయలా వేలాడి, పక్వానికి వచ్చాక కిందపడి బురదలో దిగబడుతుంది. ఈ వేళ్ళ సందుల్లోనే రొయ్య పిల్లలు, చేప పిల్లలు, పీతలు పెరుగుతాయి. నీటితో కొట్టుకొచ్చిన ఒండ్రు ఈ వేళ్ళకు తట్టుకుని ఆగి గట్టుగా మారుతుంది. ఉప్పెన వచ్చినప్పుడు అల జోరును మొదట తగ్గించేవి ఈ చెట్లే.

బొంబాయి నగరం చాలాభాగం ఇలాంటి నేలను పూడ్చి కట్టినదే. మీఠీ నది ఒడ్డు చిత్తడి మీద బాంద్రా కుర్లా వ్యాపార కేంద్రం లేచింది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. నీళ్ళు పోవడానికి దారి లేక నగరం మునిగింది. అంత వానకు ఏ నగరమైనా తల్లడిల్లుతుంది, నిజమే. కానీ నీరు నిలవాల్సిన చోటును మనుషులు ఆక్రమించుకోవడం వల్ల ముంపు మరింత పెరిగిందన్నది ఆ తర్వాత అందరూ ఒప్పుకున్న మాట.

తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వచ్చింది 1991లో. మడ అడవుల నరికివేతను ఆపమని బొంబాయి హైకోర్టు రాష్ట్రవ్యాప్తంగా ఆదేశించింది 2005లో. అంటే 1943 నుంచి 1991 దాకా, నలభై ఎనిమిదేళ్ళు, ఆ కుటుంబాన్ని ఈ విధంగా కట్టడి చేసిన నిబంధన లేదు. మొదటి రోజుల్లో ఆ బురదకు పెద్ద విలువ లేదు కాబట్టి వదిలేశారని ఎవరైనా అనవచ్చు. 1940లకు అది సరిపోయే మాటే. 1970లు వచ్చేసరికి బొంబాయిలో జానెడు నేల బంగారం. పక్కవాళ్ళు లారీలతో మట్టి పోసి పూడుస్తున్నారు. వీళ్ళు 1985లో ఆ అడవిని చూసుకోవడానికి, అధ్యయనం చేయడానికి సూనాబాయి పిరోజ్‌షా గోద్రెజ్ పేరిట సముద్ర జీవావరణ కేంద్రం పెట్టారు. పిరోజ్‌షా పెద్ద కొడుకు సొహ్రాబ్‌జీ ప్రపంచ వన్యప్రాణి నిధి భారత శాఖకు అధ్యక్షులుగా పనిచేసిన మనిషి. ఆయన మాట ఇంట్లో చెల్లింది.

వాటాదారులు మూడు నెలలకోసారి లెక్క అడిగే కంపెనీలో ఇలాంటి నిర్ణయం అర్ధశతాబ్దం నిలబడటం కష్టం. అమ్మకుండా ఉన్న ప్రతి ఏడాదీ కొత్త మేనేజరు వచ్చి ఈ ఆస్తి నిద్రపోతోందేమిటని అడుగుతాడు. కుటుంబం చేతిలో ఉండబట్టే తండ్రి అనుకున్నది కొడుకు, కొడుకు అనుకున్నది మనవడు కొనసాగించగలిగారు. కుటుంబ సంస్థ గొప్పదనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. దాని బలహీనత కూడా ఇక్కడే ఉంది. మనవడికి ఇష్టం లేకపోతే?

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. గోద్రెజ్ పేరు మీదే ఇవాళ దేశమంతా అపార్టుమెంట్లు లేస్తున్నాయి. విఖ్రోలి గట్టి నేల మీదా కట్టారు. బుల్లెట్ రైలు కోసం అక్కడే కొంత భూమిని ప్రభుత్వం సేకరిస్తే కంపెనీ కోర్టుకెళ్ళింది. 2023లో హైకోర్టు ఆ పిటిషన్ను కొట్టేసింది. 2024లో కుటుంబం వ్యాపారాలను రెండుగా పంచుకుంది. విఖ్రోలి భూమి గోద్రెజ్ అండ్ బాయిస్ కంపెనీ వైపు, పిరోజ్‌షా మనవడు జంషెడ్ గోద్రెజ్ శాఖకు వెళ్ళింది. అన్నదమ్ముల పంపకాల్లో మొదట కరిగిపోయేది ఉమ్మడి ఆస్తే. ఈ పంపకంలో అడవి చెక్కుచెదరకపోవడానికి యజమానుల మంచితనంతో పాటు చట్టం కూడా కారణం. పైగా పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్ లాంటి ట్రస్టుల చేతిలో సంస్థ వాటాలు సుమారు నాలుగో వంతు ఉన్నాయి. వాటి ఆదాయం విద్యకు, వైద్యానికి, పర్యావరణానికి వెళ్తుంది. మంచి బుద్ధి ఉన్న రోజునే దాన్ని కాగితం మీద పెట్టి, తర్వాతి వాళ్ళు సులభంగా చెరపలేకుండా చేయడం ఆ కుటుంబం చేసిన తెలివైన పని.

సరుకులోనూ ఈ చూపు కనిపిస్తుంది. ఓజోన్ పొరను చిల్లు చేసే వాయువులు లేకుండా ఫ్రిజ్‌లు చేయడానికి 1990లలో స్విస్, జర్మన్ సాయంతో జరిగిన ప్రయత్నంలో గోద్రెజ్ పాలుపంచుకుంది. 2012లో ప్రొపేన్ వాయువుతో నడిచే ఏసీలు తెచ్చింది.

మన దగ్గరా ఆ కుటుంబం గుర్తు ఒకటుంది. హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గర సొహ్రాబ్‌జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పారిశ్రామిక సమాఖ్య సీఐఐ, గోద్రెజ్ కలిసి కట్టినది. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం అదే. విద్యార్థులు వీలు చూసుకుని వెళ్ళి రండి. మధ్యలో గుండ్రటి ముంగిలి, చుట్టూ గదులు. మన పాత మండువా ఇళ్ళల్లో లాగే పగలు దీపం వెలిగించే పని తక్కువ. జాలీ గోడలు ఎండను వడకట్టి గాలిని లోపలికి పంపుతాయి. పైకప్పు మీద తోట వేడిని ఆపుతుంది. వాడిన నీటిని మొక్కల వేళ్ళే శుభ్రం చేస్తాయి. ఆ నీరు మళ్ళీ తోటకే పోతుంది. మాస్టారి ప్రశ్నకు భవనం రూపంలో చెప్పిన జవాబది.

2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. మంచి నిబంధనే. బళ్ళకు బల్లలు వచ్చాయి, ఊళ్ళకు మంచినీటి యంత్రాలు వచ్చాయి. కానీ ఆ 2 శాతం లెక్క లాభం వచ్చాక మొదలవుతుంది. మిగిలిన 98 ఎలా వచ్చిందో, ఏ కాలవలో ఏం కలిసిందో అది అడగదు. ఒక పక్క కాలవలోకి మురుగు వదిలి ఇంకో పక్క బడికి రంగులు వేయించే సంస్థను బాధ్యత గల సంస్థ అనడానికి నాకు నోరు రాదు.

అడవిని కాపాడటానికి కోటీశ్వరుల కుటుంబమే ఉండనక్కరలేదు. 1990ల చివర్లో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీశాఖ, మన గోదావరి లంకల ఊళ్ళవాళ్ళు కలిసి, పాడైపోయిన మడ నేలలో చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు. పోటు నీళ్ళు మళ్ళీ లోపలికి వచ్చాయి, పేరుకున్న ఉప్పు తగ్గింది, నాటిన మొక్కలు బతికాయి. ఊరి కమిటీలే కాపలా కాశాయి. విఖ్రోలిలో ఒక్క యజమాని చేసింది ఇక్కడ వందల బెస్త కుటుంబాలు కలిసి చేశాయి. పేర్లు మాత్రం పత్రికల్లో రాలేదు.

ఈ సభలో రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు నడుపుతున్న కుటుంబాల వాళ్ళున్నారు. మీలో కొందరికి ఉప్పుటేరు ఒడ్డున నేల ఉంది. ఆ నేలలో మడ మిగిలిన భాగం ఎంతో ఒకసారి సర్వే చేయించండి. అది చెరువుగా మారకూడదని మీకు ఇవాళ అనిపిస్తే, ఆ మాట ట్రస్టు దస్తావేజులో రాయించి రిజిస్టరు చేయించండి. సర్వేకి మనుషులు కావాలంటే ఇక్కడ ముందు వరుసల్లో కూర్చున్న పాలిటెక్నిక్ సివిల్ విభాగం పిల్లలున్నారు. వాళ్ళ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను, ఈ సంక్రాంతి సెలవుల తర్వాత పంపడానికి ఒప్పుకున్నారు.